టర్మక్స్ అప్‌గ్రేడ్ కొట్టగానే బాట్ ఎందుకు ఆగింది? పైథాన్ వర్షన్ మార్పు వెనక జరిగే పని

(ఎపిసోడ్ ట్రాన్‌స్క్రిప్ట్. వీడియోలో మాట్లాడిన మాటలే, చదవడానికి వీలుగా కొంచెం సర్దాం. స్క్రీన్ మీద చూపించిన కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాశాం.)

ఈ ఎపిసోడ్ ఒక మెసేజ్‌తో మొదలుపెడతా. మన మాడుగులపల్లి పక్క ఊరి తమ్ముడు ఒకడు పంపాడు. డిప్లొమా చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ లేదు, ఫోన్‌లోనే టర్మక్స్ యాప్ వేసుకుని పైథాన్ నేర్చుకుంటున్నాడు. రోజూ పొద్దున మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్ల రేటు ఎంత నడుస్తుందో కనుక్కుని, వాళ్ల నాన్నకూ ఊర్లో ఇంకో పదిహేను మంది రైతులకూ టెలిగ్రామ్‌లో పంపే చిన్న బాట్ రాసుకున్నాడు. మెసేజ్ ఇది:

"అన్నా, రాత్రి టర్మక్స్‌ల అప్‌గ్రేడ్ కొట్టిన. పొద్దున లేచి చూస్తే బాట్ నడుస్తలేదు. కోడ్‌ల ఒక్క లైను గూడ ముట్టలేదు అన్నా. కోతలు నడుస్తున్నయ్, అందరూ ఫోన్ చేసి అడుగుతున్నరు. ఏం చెయ్యాలె?"

స్క్రీన్‌షాట్ కూడా పెట్టాడు. మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. రిక్వెస్ట్స్ అనే మాడ్యూల్ లేదు అంటోంది. నిన్నటిదాకా ఉంది, ఇవాళ లేదు.

దీనికి రెండు నిమిషాల జవాబు ఉంది. కానీ ఆ రెండు నిమిషాల జవాబు వెనక ప్రపంచం మొత్తం మీద వేలమంది ఏళ్ల తరబడి చేస్తున్న పని ఒకటుంది. అది అర్థమైతే ఇట్లాంటి ఎర్రర్ ఇంకెప్పుడు వచ్చినా మీరు భయపడరు. అందుకే ఇవాళ ముందు ఆ పని గురించి, చివర్లో తమ్ముడికి ఏం చెప్పానో అది.

ఫోన్‌లో అసలు ఏం జరిగింది

టర్మక్స్‌లో "పీకేజీ అప్‌గ్రేడ్" అని కొట్టాడు. దాంతో ఫోన్‌లో ఉన్న పైథాన్ 3.11 పోయి 3.12 వచ్చింది. ఇక్కడ చిన్న విషయం. ఇది లెక్కల్లో దశాంశం కాదు. మూడు, చుక్క, పన్నెండు. అంటే 3.9 తర్వాత 3.10 వస్తుంది, 3.10 పాతది కాదు, కొత్తది. మధ్యలో ఉన్న ఆ నంబర్ ఏడాదికి ఒకసారి, అక్టోబర్‌లో మారుతుంది. 2020లో వచ్చిన 3.9 నుంచి ఇదే లెక్క.

పిప్‌తో మనం వేసుకున్న మాడ్యూళ్లన్నీ ఒక ఫోల్డర్‌లో ఉంటాయి. ఆ ఫోల్డర్ పేరులోనే వర్షన్ ఉంటుంది. పాతవన్నీ "పైథాన్ 3.11" ఫోల్డర్‌లో ఉన్నాయి. కొత్త పైథాన్ "పైథాన్ 3.12" ఫోల్డర్‌లో వెతుకుతుంది. అది ఖాళీ. అంతే. మాడ్యూల్ ఎక్కడికీ పోలేదు. ఇల్లు మారాక పాత అడ్రస్‌కు వచ్చిన పార్శిల్ లాగా పక్కన పడి ఉంది.

మరి ఆ ఫోల్డర్‌ను కాపీ చేసి ఇందులో పెడితే సరిపోదా అని మీకు అనిపించొచ్చు. కొన్నింటికి సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు. అసలు కథ అక్కడే ఉంది.

ఒక్కటి మారితే ఎవరెవరు కదలాలి

పైథాన్ మాడ్యూళ్లు రెండు రకాలు. మొదటి రకం పూర్తిగా పైథాన్‌లోనే రాసినవి. వర్షన్ మారినా చాలావరకు నడుస్తాయి. రెండో రకం లోపల సి లాంటి భాషలో రాసి, కంపైల్ చేసి ఇచ్చేవి. లెక్కలకు వాడే నంపై, ఫొటోలకు వాడే పిల్లో, ఇట్లాంటివి. కంపైల్ అయిన ఫైల్ పేరులోనే సాధారణంగా "సీపైథాన్ 311" అని ముద్ర ఉంటుంది. 3.12 దాన్ని ముట్టుకోదు కూడా. పాత ఫోన్ మైక్రో యూఎస్‌బీ చార్జర్‌ను టైప్ సీ ఫోన్‌కు పెట్టినట్టు. కరెంట్ అదే, పిన్ వేరు. అలాంటి ప్రతి మాడ్యూల్‌నూ కొత్త వర్షన్‌కు మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

ఇప్పుడు డిస్ట్రిబ్యూషన్ అంటే ఏంటో చూద్దాం. లినక్స్ అంటే నిజానికి లోపల ఉండే కెర్నల్ మాత్రమే. దాని చుట్టూ వేల సాఫ్ట్‌వేర్లను ఏరి, ఒకదానితో ఒకటి పడేలా కంపైల్ చేసి, టెస్ట్ చేసి, ఒకే చోట నుంచి ఇచ్చేదే డిస్ట్రిబ్యూషన్. డెబియన్, ఉబుంటు, ఫెడోరా అన్నీ అవే. టర్మక్స్ కూడా ఒక రకంగా ఫోన్‌లో నడిచే చిన్న డిస్ట్రిబ్యూషనే.

ఎంత పెద్దగా ఉంటుందంటే, 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలు ఉన్నాయి. చేసేవాళ్లలో ఎక్కువ మంది వాలంటీర్లు. ఈ డెబియన్ మీదే ఉబుంటు నిలబడింది. మన సీడాక్ వాళ్లు తెలుగుతో సహా భారతీయ భాషల కోసం చేసిన బాస్ లినక్స్ కూడా డెబియన్ మీదే నిలబడింది. అంటే పైన డెబియన్‌లో పైథాన్ సరిగ్గా మారితేనే కింద ఉన్నవన్నీ సరిగ్గా ఉంటాయి.

అందులో పైథాన్ ఒక మూలన కూర్చున్న ప్యాకేజీ కాదు. దాని మీద వేల ప్యాకేజీలు ఆధారపడి ఉన్నాయి. విమ్ ఎడిటర్, లిబ్రే ఆఫీస్, బ్లెండర్ లాంటివి తమ లోపలే పైథాన్‌ను పెట్టుకుని ఉంటాయి. వాటిని కూడా కదిలించాలి.

పైగా వరుస తప్పకూడదు. సాగర్ ఎడమ కాలువ మనకు తెలిసిందే కదా. నీళ్లు వదిలితే ముందు మెయిన్ కాలువ, తర్వాత మేజర్, తర్వాత మైనర్, ఆఖరుకు పొలంలోకి పిల్ల కాలువ. చివరి పొలం నుంచి మొదలుపెట్టలేం. ఇదీ అంతే. పాండాస్ అనే ప్యాకేజీకి నంపై కావాలి. నంపై ముందు కొత్త వర్షన్‌కు రాకుండా పాండాస్ రాదు. పాండాస్ రాకుండా దాని మీద ఆధారపడినవి రావు. పైన ఒక్కచోట గండి పడితే టెయిల్ ఎండ్ దాకా అందరూ ఎదురుచూడాల్సిందే.

డెబియన్ దీన్ని ఎట్లా చేస్తుంది

మాడుగులపల్లి టోల్ గేట్ దగ్గర పెరిగినోళ్లకు చెప్పడానికి నాకు సులువైన పోలిక ఉంది. ఫాస్టాగ్ వచ్చిన రోజులు గుర్తున్నాయా? దేశంలో నేషనల్ హైవేల మీద ఒక్క రాత్రిలో క్యాష్ ఆపేయలేదు. ముందు కొన్ని లైన్లకు ఫాస్టాగ్ పెట్టారు, పక్కన క్యాష్ నడిచింది. తర్వాత ఎక్కువ లైన్లు ఫాస్టాగ్ అయ్యాయి, క్యాష్‌కు ఒక మూల లైన్ మిగిలింది. చివరికి ట్యాగ్ లేకపోతే డబుల్ కట్టమన్నారు. మూడు అడుగులు: రెండూ నడపడం, కొత్తదాన్ని మామూలు చేయడం, పాతదాన్ని తీసేయడం.

డెబియన్ పైథాన్ వర్షన్ మార్చేదీ ఇదే మూడు అడుగుల్లో. వాళ్లు దీన్ని ట్రాన్సిషన్ అంటారు.

మొదటి అడుగు. 3.11 ఉన్న చోటే 3.12ను కూడా తెచ్చి పక్కన పెడతారు. రెండూ వేర్వేరు పేర్లతో వేర్వేరు ప్యాకేజీలు కాబట్టి కొట్లాడుకోవు. "పైథాన్3" అని కొడితే ఇంకా పాతదే వస్తుంది. ఇప్పుడు సి కోడ్ ఉన్న మాడ్యూళ్లన్నింటినీ రెండు వర్షన్లకూ కంపైల్ చేస్తారు. ఇదంతా "అన్‌స్టేబుల్" అనే విభాగంలో జరుగుతుంది. దాని కోడ్ నేమ్ సిడ్. డెబియన్ పేర్లన్నీ టాయ్ స్టోరీ సినిమాలో పాత్రలవి. అందులో బొమ్మల్ని విరగ్గొట్టే పిల్లాడి పేరు సిడ్. పేరు సరిగ్గానే పెట్టారు.

ఈ పని ఎంతవరకు వచ్చిందో చూపించడానికి ట్రాకర్ పేజీ ఉంటుంది. అందులో ప్యాకేజీలన్నీ కాలువ వరుసలోనే, లెవెల్ వారీగా ఉంటాయి. అయినవి పచ్చగా, కానివి ఎర్రగా. ఎర్రగా ఉన్న ప్రతిదాని వెనకా ఒక బగ్ రిపోర్ట్, దాని వెనక ఒక మనిషి.

రెండో అడుగు. తగినన్ని పచ్చబడ్డాక డిఫాల్ట్ మారుస్తారు. "పైథాన్3" అనే లింక్ 3.12 వైపు తిరుగుతుంది. చూడ్డానికి ఒక్క లింకే. కానీ వినేవాళ్లందరికీ ఆ రోజు నుంచి పైథాన్ అంటే కొత్తదే.

మూడో అడుగు. పాత వర్షన్‌ను సపోర్ట్ లిస్ట్ నుంచి తీసేసి, దానికోసం చేసిన ఫైళ్లు పోయేలా ఇంకోసారి రీబిల్డ్ చేసి, చివరికి 3.11ను ఆర్కైవ్ నుంచే తీసేస్తారు.

ఈ మధ్యలో టెస్టుల్లో పాసైనవి మాత్రమే "టెస్టింగ్" అనే తర్వాతి విభాగంలోకి వెళ్తాయి. రెండేళ్లకు అటూఇటుగా ఒకసారి ఆ టెస్టింగ్‌ను ఫ్రీజ్ చేస్తారు. ఫ్రీజ్ అంటే ఇక పెద్ద మార్పులు వద్దు, ఉన్న బగ్స్ మాత్రమే సరిచేయండి అని. దాని నుంచే "స్టేబుల్" వస్తుంది. స్టేబుల్‌లో ఇక పైథాన్ వర్షన్ మారదు. డెబియన్ 12 తన జీవితమంతా 3.11తోనే ఉంటుంది. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లో 3.13 ఉంది. మధ్యలో 3.12 సంగతి? స్టేబుల్ వాడేవాళ్లకు అది కనబడనే లేదు. ఆ కష్టమంతా సిడ్‌లో, టెస్టింగ్‌లో జరిగిపోయింది. మనదాకా వచ్చేది ఆరిన వడ్లు మాత్రమే.

పైథాన్ ఒక్కటే కాదు. పెర్ల్, రూబీ, జావా ఏది మారినా ఇదే పద్ధతి, పేర్లు మారతాయి అంతే.

అందరూ ఆగరు: ఆర్చ్, టర్మక్స్ దారి

ఇంకో దారి కూడా ఉంది. రోలింగ్ అంటారు. ఆర్చ్ లినక్స్ అట్లాంటిది. వెనక రీబిల్డ్‌లు అవుతాయి, కానీ మీ దగ్గరికి ఒక రోజు కొత్త పైథాన్ వచ్చేస్తుంది, పాతది పోతుంది. వాళ్లు ఇచ్చే ప్యాకేజీలు వాళ్లే సరిచేసి ఇస్తారు. మీరు సొంతంగా పిప్‌తో వేసుకున్నవి మీ బాధ్యత.

టర్మక్స్ కూడా అంతే. నంపై లాంటి కొన్నింటిని వాళ్లే కంపైల్ చేసి ప్యాకేజీగా ఇస్తారు. అవి పైథాన్‌తో పాటే మారతాయి. మిగతావి మనం చూసుకోవాలి. తమ్ముడికి జరిగింది ఇదే. ఎవరి తప్పూ లేదు. తను ఏ రకం డిస్ట్రిబ్యూషన్ మీద బాట్ నడుపుతున్నాడో తనకు తెలియదు, అంతే.

అన్నింటికన్నా పెద్ద మార్పు, అందులో మన తెలుగు

3.11 నుంచి 3.12 అంటే ఏడాదికోసారి వచ్చే మార్పు. ఇప్పుడు అసలు పెద్ద కథ చెప్తా. పైథాన్ 2 నుంచి పైథాన్ 3.

పైథాన్ 3.0 వచ్చింది 2008 డిసెంబర్ 3న. పాత కోడ్ నడవదని తెలిసే, కావాలనే అట్లా చేశారు. ఎందుకు? చాలా కారణాలున్నాయి. మనకు దగ్గరి కారణం ఒకటి చూపిస్తా.

"తెలుగు" అనే పదంలో ఎన్ని అక్షరాలు? తె, లు, గు. మూడు. ఇప్పుడు పైథాన్ 2ను లెన్ ఫంక్షన్‌తో అడిగితే 18 అంటుంది. అవును, పద్దెనిమిది. ఎందుకంటే పైథాన్ 2కు మామూలు స్ట్రింగ్ అంటే బైట్ల వరుస. యూటీఎఫ్ ఎయిట్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తు 3 బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆరు గుర్తులు, మూడేసి బైట్లు, మొత్తం 18. అదే పైథాన్ 3 అయితే 6 అంటుంది. మనం చూసే మూడు కాకపోయినా, కనీసం గుర్తులను గుర్తులుగా లెక్కపెడుతుంది.

ఇది వినడానికి చిన్నదే. కానీ పైథాన్ 2లో స్ట్రింగ్‌ను మధ్యలో కట్ చేస్తే ఒక అక్షరం సగానికి తెగి చెత్త కనబడేది. పైన ఎన్‌కోడింగ్ లైన్ రాయకుండా కోడ్‌లో తెలుగు రాస్తే ప్రోగ్రామ్ మొదలే అయ్యేది కాదు. ఇంగ్లిష్ మాత్రమే వాడేవాళ్లకు ఈ బాధ తెలియదు, వాళ్ల అక్షరం ఒక బైట్‌లో సరిపోతుంది. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ వాళ్లు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చారు. అట్లాంటి పని చేసేవాళ్లకు ఈ మార్పు ఫ్యాషన్ కాదు, అవసరం. పైథాన్ 3లో వేరియబుల్ పేరు కూడా తెలుగులో పెట్టుకోవచ్చు. "రేటు" అని పేరు పెట్టి అందులో వడ్ల రేటు దాచుకోండి, నడుస్తుంది.

అంటే మార్పు మంచిదే. కష్టమల్లా మారడంలోనే.

2015 అన్నారు, 2020 అయింది

ఫాస్టాగ్ గడువు ఎన్నిసార్లు జరిగిందో గుర్తుందా? 2019 డిసెంబర్ 1 అన్నారు, 15కి జరిపారు. తర్వాత 2021 జనవరి 1 నుంచి అన్ని గాళ్లకూ అన్నారు, అది ఫిబ్రవరి 15కి జరిగింది. పైథాన్ 2 కూడా అంతే. మొదట 2015లో ఆపేస్తామన్నారు. జనం మారలేదు. 2014లో గడువును 2020కి జరిపారు. 2.8 అని ఇంకోటి రాదని కూడా తేల్చి చెప్పారు. 2020 జనవరి 1తో సపోర్ట్ అయిపోయింది. చివరి రిలీజ్ 2.7.18 అదే ఏడాది ఏప్రిల్‌లో వచ్చింది.

పదకొండేళ్లకు పైనే. ఎందుకంత టైం పట్టింది? మళ్లీ కాలువ కథే. నేను వాడే లైబ్రరీ 3కు రాలేదు కాబట్టి నేను రాను. నేను రాలేదు కాబట్టి నా లైబ్రరీ వాడేవాడు రాడు. అందరూ అవతలివాళ్ల కోసం చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడే డిస్ట్రిబ్యూషన్ల పాత్ర. ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. ఆర్చ్ వాళ్లు 2010లోనే "పైథాన్" అనే కమాండ్‌ను 3కు తిప్పేశారు. అప్పటికి ప్రపంచంలో చాలా స్క్రిప్టులు 2వే. మస్తు తిట్లు తిన్నారు. రెడ్ హ్యాట్ వాళ్లు 2019లో వచ్చిన ఆర్‌హెచ్‌ఈఎల్ 8లో, సిస్టమ్ సొంత పనులకు వేరే పైథాన్‌ను లోపల దాచిపెట్టి, యూజర్‌కు "పైథాన్" అనే కమాండే మామూలుగా లేకుండా చేశారు. 2 కావాలా 3 కావాలా మీరే తేల్చుకోండి అని. ఉబుంటు 20.04లో కూడా ఉత్త "పైథాన్" అని కొడితే కమాండ్ లేదు అనే వచ్చేది. కావాలంటే "పైథాన్ ఈజ్ పైథాన్3" అనే ప్యాకేజీ వేసుకోవాలి. పేరు జోక్‌లా ఉంటుంది కానీ నిజంగానే ఉంది.

డెబియన్ నిదానంగా వెళ్లింది. 2019లో వచ్చిన డెబియన్ 10లో రెండూ ఉన్నాయి, "పైథాన్" అంటే ఇంకా 2.7నే. 2021లో డెబియన్ 11కు వచ్చేసరికి 2.7 ఒక్కటీ ఒంటరిగా మిగిలింది, దాని మాడ్యూళ్లు దాదాపు అన్నీ తీసేశారు. 2023లో డెబియన్ 12లో అది కూడా లేదు.

ఈ నిదానంలో కూడా నష్టపోయినవాళ్లున్నారు. ఫొటో ఎడిటింగ్‌కు జింప్ వాడేవాళ్లను అడగండి. జింప్ ప్లగిన్లు చాలా పైథాన్ 2లో ఉండేవి. ఉబుంటు 20.04లో జింప్ వచ్చింది కానీ ఆ పైథాన్ 2 ప్లగిన్ల సపోర్ట్ లేకుండా వచ్చింది. పైథాన్ 3తో స్టేబుల్ జింప్ 3.0 రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. మెయిలింగ్ లిస్టులు నడిపే మెయిల్‌మ్యాన్ 2 కూడా పైథాన్ 2దే. డెబియన్ 11లో దాన్ని తీసేశారు. వాడేవాళ్లు మెయిల్‌మ్యాన్ 3కు మారాలి, లేదా పాత సిస్టమ్ మీదే ఉండిపోవాలి.

ఒక ప్యాకేజీని తీసేయాలని తేల్చేవాళ్లకు ఇది తేలిక కాదు. రాసినాయన ఎప్పుడో వదిలేసి ఉంటాడు. వాడేవాళ్లు ఇంకా ఉంటారు. ఉంచితే ఒక్క దానికోసం సపోర్ట్ లేని పాత పైథాన్‌ను అందరి మీదా మోయాలి. సెక్యూరిటీ లోపం బయటపడితే సరిచేసేవాళ్లు లేరు. తీసేస్తే ఎవరిదో పని ఆగుతుంది. డెబియన్ టెస్టింగ్‌లో ఒక పద్ధతి ఉంది. పెద్ద బగ్ ఉన్న ప్యాకేజీని ఎవరూ సరిచేయకపోతే, ముందు నోటీస్ ఇచ్చి, గడువు దాటాక ఆటోమేటిక్‌గా తీసేస్తుంది. ఎవరైనా ముందుకొచ్చి సరిచేస్తే మళ్లీ లోపలికి వస్తుంది. కఠినంగా ఉంటుంది, కానీ ఎవరి మీదా కక్ష లేదు.

నేను చేసిన తప్పు

ఇదంతా నాకు పుస్తకంలో తెలియలేదు. 2017. బీటెక్ చదువుతున్నా. మినీ ప్రాజెక్ట్ డెమో తెల్లారి ఉంది. నా దగ్గర సిస్టమ్ లేదు, రూమ్మేట్ ల్యాప్‌టాప్ అడుక్కున్నా. అందులో ఉబుంటు 16.04, పైథాన్ 3.5. నాకు ఎఫ్ స్ట్రింగ్స్ కావాలి, అవి 3.6లో వచ్చాయి. 3.6 వేసుకున్నా. అక్కడితో ఆగితే బాగుండేది. "పైథాన్3" అని కొడితే 3.5 వస్తుందని చిరాకు పుట్టి, ఆ లింక్‌ను 3.6 వైపు తిప్పేశా. పెద్ద హ్యాకర్ అయిపోయిన ఫీలింగ్.

టెర్మినల్ మూసి మళ్లీ తెరిచా. తెరుచుకోలేదు. పది సార్లు నొక్కా. లేదు.

ఎందుకంటే ఆ ఉబుంటులో టెర్మినల్‌ను తెరిచే కమాండే ఒక చిన్న పైథాన్ స్క్రిప్ట్. అది 3.5 కోసం కంపైల్ చేసిన మాడ్యూల్‌ను వాడుతుంది. నేను కిందనుంచి 3.5ను లాగేశా. రాత్రి పదకొండున్నర, ల్యాప్‌టాప్ నాది కాదు, పక్క మంచం మీద దాని ఓనర్ నిద్రపోతున్నాడు. కంట్రోల్ ఆల్ట్ ఎఫ్1 నొక్కితే నల్ల స్క్రీన్ లాగిన్ వస్తుందని సీనియర్ ఒకాయన ఫోన్‌లో చెప్పాడు. అక్కడ తప్పు స్పెల్లింగ్‌తో కమాండ్ కొడితే "ఏపీటీ అండర్‌స్కోర్ పీకేజీ మాడ్యూల్ లేదు" అని ఇంకో ఎర్రర్. కమాండ్ దొరకలేదు అని చెప్పే ప్రోగ్రామ్ కూడా పైథానే! చివరికి లింక్‌ను మళ్లీ 3.5కు తిప్పాక అన్నీ లేచాయి. డెమో అయింది. రూమ్మేట్‌కు నెల తర్వాత చెప్పా.

ఇప్పుడు ఆలోచిస్తే, డెబియన్, ఉబుంటు వాళ్లు మూడు అడుగుల్లో, నెలల తరబడి, వేల ప్యాకేజీలు సరిచూసుకుని తిప్పే లింక్‌ను నేను ఒక్క లైన్‌తో తిప్పేశా. మొదటి అడుగు లేదు, ట్రాకర్ లేదు, ఏమీ లేదు.

సిస్టమ్ పైథాన్ మనది కాదు

ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. డిస్ట్రిబ్యూషన్‌తో వచ్చిన పైథాన్ డిస్ట్రిబ్యూషన్ పనుల కోసం. మీ ప్రాజెక్ట్ కోసం కాదు.

నాలాంటివాళ్లు మస్తు మంది ఉన్నారని వాళ్లకూ తెలిసింది. అందుకే డెబియన్ 12లో, ఉబుంటులో 23.04 నుంచి, ఉత్తగా పిప్ ఇన్‌స్టాల్ కొడితే ఆపేస్తుంది. "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్" అని ఎర్రర్ వస్తుంది. అంటే ఈ పైథాన్‌ను వేరేవాళ్లు చూసుకుంటున్నారు, మీరు వేరు గది తీసుకోండి అని. దాన్ని దాటడానికి ఒక ఆప్షన్ ఇచ్చారు, దాని పేరు "బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్". యూట్యూబ్‌లో చాలా వీడియోలు ఆ ఆప్షన్ పెట్టేయండి, ఎర్రర్ పోతుంది అంటాయి. పేరులోనే సిస్టమ్ విరుగుతుంది అని రాసి ఉంది, చదివి కూడా పెడతామా?

వేరు గది అంటే వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. "పైథాన్3, హైఫన్ ఎం, వెన్వ్, ఫోల్డర్ పేరు". ఒక్క లైన్. డెబియన్, ఉబుంటుల్లో ముందు "పైథాన్3 హైఫన్ వెన్వ్" ప్యాకేజీ వేసుకోవాలి. ఆ గదిలో మీరు ఏం వేసుకున్నా బయట సిస్టమ్‌కు తగలదు.

తమ్ముడికి ఏం చెప్పా

మొదటిది, భయపడకు, నీ కోడ్ బాగానే ఉంది. ప్రాజెక్ట్‌కు ఒక వెన్వ్ చేసి అందులో మాడ్యూళ్లు మళ్లీ వేయి. రిక్వెస్ట్స్ వెంటనే వచ్చింది. కానీ ఇంకో లైబ్రరీ దగ్గర ఆగింది. పాత ట్యుటోరియల్ చూసి వేసుకున్నదట. అది "ఇంప్" అనే మాడ్యూల్‌ను వాడుతుంది. 3.12లో ఇంప్‌ను, డిస్ట్‌యుటిల్స్‌ను తీసేశారు. ముందే ఏళ్లపాటు వార్నింగ్ ఇచ్చి తీసేశారు. ఆ లైబ్రరీ రాసినాయన దాన్ని ఏళ్లుగా ముట్టలేదు. ఇద్దరం కూర్చుని చూస్తే, తమ్ముడు అందులో వాడేది ఒకే ఒక్క ఫంక్షన్. దాన్ని ఐదు లైన్లలో సొంతంగా రాసుకున్నాడు. బాట్ లేచింది.

డిస్ట్రిబ్యూషన్ వాళ్లు ప్రతి ట్రాన్సిషన్‌లో చేసే పని ఇదే, కాకపోతే వాళ్లకు ఇట్లాంటివి వందలు. ప్యాచ్ చేయాలా, వేరేది వెతకాలా, వదిలేయాలా.

రెండోది, లిస్ట్ రాసిపెట్టుకో. బాట్ బాగా నడుస్తున్న రోజు "పిప్ ఫ్రీజ్" కొట్టి వచ్చినదాన్ని రిక్వైర్‌మెంట్స్ ఫైల్‌లో దాచు. ఎందుకంటే వెన్వ్ కూడా అమృతం తాగి రాలేదు. అది బయట ఉన్న పైథాన్ మీదే ఆనుకుని ఉంటుంది. టర్మక్స్ మళ్లీ 3.12 నుంచి 3.13కు మారితే ఆ వెన్వ్ కూడా చెడిపోతుంది. అప్పుడు ఫోల్డర్ తీసేసి, కొత్తది చేసి, ఆ లిస్ట్ చూపించి వేయమనడమే. ఐదు నిమిషాల పని. లిస్ట్ లేకపోతే మళ్లీ ఒక పొద్దంతా.

మూడోది, కంపైల్ కావాల్సిన పెద్ద మాడ్యూళ్లను ఫోన్‌లో పిప్‌తో కుస్తీ పట్టొద్దు. టర్మక్స్ వాళ్లే కంపైల్ చేసి ఇచ్చిన ప్యాకేజీ ఉందేమో ముందు చూడు.

నాలుగోది, నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది. కోతల టైంలో అప్‌గ్రేడ్ కొట్టొద్దు. డెబియన్ వాళ్లు రిలీజ్‌కు ముందు ఫ్రీజ్ పెట్టేది ఇందుకే. నీ మీద పదిహేను మంది ఆధారపడి ఉన్నారు అంటే నువ్వు కూడా ఒక చిన్న డిస్ట్రిబ్యూషన్ నడుపుతున్నట్టే. వడ్లు అమ్ముడుపోయాక, పని లేని రోజు చూసుకుని, లిస్ట్ పక్కన పెట్టుకుని అప్పుడు మార్చు. అసలే మార్చకుండా ఉండిపోకు, పైథాన్ ఒక్కో వర్షన్‌కు సపోర్ట్ ఐదేళ్లే. పదకొండేళ్లు వాయిదా వేసినవాళ్ల కథ ఇందాక విన్నావు.

దానికి తమ్ముడు ఇచ్చిన రిప్లై: "సరే అన్నా. ఇప్పుడే నాన్నకు రేటు పోయింది, చూసుకున్నడు."

అదీ ఫ్రెండ్స్ ఇవాళ్టి ఎపిసోడ్. ఈ రాత్రికి ఒక్క పని చేయండి. మీ ఫోన్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో నడుస్తున్న ప్రాజెక్ట్ తెరిచి, పిప్ ఫ్రీజ్ కొట్టి లిస్ట్ దాచుకోండి. ఇంకేం అవసరం లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ లిస్ట్‌లో ఏ ప్యాకేజీని ఎవరు రాశారో, దాన్ని నమ్మొచ్చో లేదో ఎట్లా చూడాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి.